వైరస్ లేని దారి

ఒక పాఠకురాలి ప్రశ్న: "మా అమ్మకి అరవై రెండేళ్లు. జననాంగం దగ్గర తెల్లమచ్చ, రాత్రుళ్లు నిద్ర పట్టనివ్వని దురద. డాక్టరమ్మ లైకెన్ స్క్లెరోసస్ అన్నారు, ముందుముందు కేన్సర్ రావచ్చు, కనిపెట్టుకుని ఉండాలన్నారు. అక్కడ కేన్సర్ అంటే హెచ్‌పీవీ వైరస్ వల్లే కదా? అమ్మకి అదెలా అంటింది?"

అంటలేదమ్మా. ఇది అంటురోగం కాదు, బొల్లీ కాదు. బొల్లిలో రంగు పోయినా చర్మం చర్మంలాగే ఉంటుంది. ఇందులో ఉల్లిపొరలా పలచబడి, గోకితే చిట్లుతుంది. సొంత రోగనిరోధక వ్యవస్థే ఆ చర్మం మీద కత్తి కట్టిందని అనుమానం.

అక్కడి కేన్సర్‌కి రెండు దారులున్నాయి. రెండూ పీ53 అనే కాపలాదారు ఇంటి మీదుగానే పోతాయి. కణం అదుపుతప్పి పెరగకుండా చూసే ప్రోటీన్ అది.

మొదటి దారి వైరస్‌ది. రోడ్డు వెడల్పు చేసేముందు మున్సిపాలిటీవాళ్లు గోడల మీద ఎర్ర గుర్తు వేసి పోతారు చూడండి, ఆ వెనకే జేసీబీ వస్తుంది. కణంలో ఆ గుర్తు యూబిక్విటిన్, జేసీబీ ప్రోటియాజోమ్. హెచ్‌పీవీ-16 (హెచ్‌పీవీలో 16వ రకం) తయారుచేసే ఈ6 ప్రోటీన్ తను గునపం పట్టదు. మన కణంలోనే గుర్తులు వేసే గుమాస్తా ఈ6ఏపీని వెంటబెట్టుకొచ్చి పీ53 గోడ చూపిస్తుంది. పట్టా, అంటే జన్యువు, భద్రం. ఇల్లు మాత్రం నేలమట్టం. ఈలోగా వైరస్‌దే మరో ప్రోటీన్ ఈ7, కణవిభజనకి ఆర్‌బీ అనే బ్రేకుని పట్టేసుకుంటుంది. దాంతో పీ16 అనే ప్రోటీన్ కుప్పలుగా పేరుకుంటుంది. ల్యాబులో గోధుమరంగుతో పట్టించేది దాన్నే.

(జననాంగం మీద పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలకి ఈ విద్య అంతగా రాదు.)

రెండో దారిలో వైరస్ లేదు. అమ్మ జబ్బుది ఈ దారే. ఏళ్ల తరబడి వాపు, గోకుడు, మానడం, మళ్లీ కణవిభజన. నకళ్లు తీసీ తీసీ ఒకరోజు పట్టాలోనే తప్పు పడుతుంది. తమాషా ఏమిటంటే, ఆరోగ్యంగా ఉన్న పీ53 తన గోడకి గుర్తు వేసే ఎండీఎమ్2ని తనే పిలిపించుకుంటుంది, అతిగా పెరగకుండా. తప్పు పట్టాతో పుట్టిన పీ53కి ఆ పిలుపు చేతకాదు. అందుకే చాలాసార్లు పనికిరాని కాపలాదార్లు కణం నిండా పోగుపడతారు. అదీ ల్యాబులో గోధుమరంగుగానే కనిపిస్తుంది, ఈసారి పీ53 రంగుగా.

ఈ దారికి హెచ్‌పీవీ టీకా అడ్డురాదు. పైగా ముందస్తు దశ నుంచి కేన్సర్‌కి నడక ఇందులోనే వేగం. అయితే ఈ జబ్బున్న ఆడవాళ్లలో అంతదాకా పోయేది నూటికి అయిదుగురి లోపే.

ఈ జబ్బుకి మందు స్టెరాయిడ్ పూత. స్టెరాయిడ్ అనగానే హడలిపోయి ట్యూబు పక్కన పడేస్తారు మనవాళ్లు. ఆస్ట్రేలియాలో ఈ జబ్బున్న 507 మంది స్త్రీలను ఏళ్లపాటు గమనించి 2015లో ప్రచురించారు. పూతమందు క్రమంగా వాడిన 357 మందిలో ఒక్కరికీ అక్కడ కేన్సర్ గానీ దాని ముందస్తు దశ గానీ రాలేదు. వాడీ వాడక ఉన్న 150 మందిలో ఏడుగురికి ఆ రెంటిలో ఏదో ఒకటి వచ్చింది. దురద తగ్గినా, డాక్టరమ్మ ఆపమనేదాకా అమ్మచేత రాయించండి. మానని పుండో, గట్టి గడ్డో కనిపిస్తే మాత్రం పూతతో సరిపెట్టకుండా ముక్క తీసి పరీక్ష చేయించాలి.