ఇంటి విందుకు గాజు గ్లాసులు: అపోహలు – వాస్తవాలు

ఇళ్లలో జరిగే విందులకు గాజు సామాను సమకూర్చడం నా వృత్తి. ఏ రకం గ్లాసులు కొనాలని చాలామంది అడుగుతారు. అంతకంటే ముందు ఆలోచించవలసింది, అల్మరా నుంచి బయటికి వచ్చిన గ్లాసు కడిగే చోటికి చేరేలోగా ఎవరెవరి చేతుల్లో, ఎక్కడెక్కడ ఉంటుందన్నది. కింది అపోహలు చాలా వరకు ఈ సంగతిని పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఎంతమంది అతిథులుంటే అన్ని గ్లాసులు చాలు.

అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే భోజనానికి ఈ లెక్క సరిపోతుంది. గదులన్నీ తిరుగుతూ మాట్లాడుకునే విందుకు మాత్రం సరిపోదు. గ్లాసును కిటికీ గట్టు మీద పెట్టి పక్క గదిలోకి వెళ్లినవారు తిరిగి వచ్చేసరికి, అది తమదో కాదో తేల్చుకోలేక కొత్తది తీసుకుంటారు. పండ్లరసం తాగినవారికి మంచినీళ్లకు మరొకటి కావాలి. అందుకే మూడు గంటల విందుకు నేను మనిషికి రెండున్నర చొప్పున, అంటే 20 మందికి 50 గ్లాసులు లెక్కవేస్తాను. మధ్యలో ఒకసారి కడిగి తుడిచే వీలుంటే 35 గ్లాసులతోనూ విందు నడుస్తుంది కానీ, ఆ పని ఎవరిదో ముందే తేలకపోతే పిలిచినవారే సాయంత్రమంతా వంటగదిలో ఉండిపోతారు. వాడిన గ్లాసుల కోసం అందరికీ కనిపించే చోట ఖాళీ ట్రే ఒకటి ఉంచడం కొత్త గ్లాసులు కొనడమంత ముఖ్యమైన ఏర్పాటు.

అపోహ: ఒక్కో పానీయానికి ఒక్కో ఆకారపు గ్లాసు ఉండాలి.

సుమారు 300 మిల్లీలీటర్లు పట్టే నిలువు గ్లాసు నీళ్లకు, పండ్లరసాలకు, ఐసు వేసి ఇచ్చే చల్లని పానీయాలన్నిటికీ సరిపోతుంది. ఐసు నిండుగా వేస్తే అందులో పానీయం దాదాపు సగం మేరకే పడుతుంది కాబట్టి, ఇంతకంటే చిన్నది తీసుకోవద్దని నా సలహా. ఆకారం నిజంగా పనికొచ్చే సందర్భాలు రెండే. వెడల్పు మూతిలో గ్యాసు త్వరగా పోతుంది కాబట్టి బుడగలు వచ్చే పానీయాలకు సన్నని గ్లాసు మేలు. ఐసు లేకుండా చల్లగా తాగవలసినవాటికి చేతి వేడి తగలకుండా కాడ ఉన్నది మేలు. గ్లాసులన్నీ ఒకే జతవి కావాలన్న నియమమూ లేదు. కొద్దిగా తేడా ఉంటేనే ఎవరి గ్లాసు వారు గుర్తుపడతారు.

అపోహ: మందంగా ఉన్న గాజు పగలదు.

చేయి జారినప్పుడు మందం కొంత కాపాడుతుందేమో గానీ, వేడి విషయంలో జరిగేది దీనికి విరుద్ధం. గాజు వేడిని నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. మందమైన గ్లాసులో వేడి పానీయం పోసినప్పుడు లోపలి పొర వ్యాకోచిస్తున్నా బయటి పొర ఇంకా చల్లగానే ఉండిపోతుంది, ఆ ఒత్తిడికి గాజు చీలుతుంది. వేడినీళ్లతో కడిగిన వెంటనే ఐసు వేసినా ఇదే ప్రమాదం ఉంది కనుక, మధ్యలో కడిగిన గ్లాసులను పూర్తిగా చల్లారాకే మళ్లీ వాడాలి. వేడి పానీయాలకు బోరోసిలికేట్ గాజు నమ్మదగినది, ఎందుకంటే దాని వ్యాకోచం మామూలు గాజులో మూడో వంతుకు అటూఇటూగా ఉంటుంది. పిల్లలు తిరిగే ఇంట్లో టఫెన్డ్ గాజు, అంటే ప్రత్యేకంగా గట్టిపరచిన గాజు, మంచిది. పగిలినా పొడవైన పెచ్చులుగా కాకుండా చిన్న ముక్కలుగా విడిపోతుంది. అయితే లోతైన గీతలు పడితే అదీ బలహీనపడుతుంది.

అపోహ: మసకబారిన గ్లాసులు ఇక పనికిరావు.

చాలాసార్లు అది నీటిలోని ఖనిజ లవణాల పొర, వెనిగర్‌తో పోతుంది. డిష్‌వాషర్‌లో గాజు పైపొరే అరిగిపోయి వచ్చిన మసక మాత్రం పోదు.

అపోహ: ఐసు తీయడానికి చేతిలోని గ్లాసు చాలు.

ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఐసు ముక్కలకు తగిలి గ్లాసు అంచు చిట్లితే, రాలిన గాజు పెళ్ల ఐసులో కలిసిపోయి కంటికి కనిపించదు, అది నేరుగా ఒకరి గొంతులోకి వెళ్లవచ్చు. ఐసు గిన్నెలో లోహపు గరిటె గానీ పట్టకారు గానీ తప్పకుండా ఉంచండి. గిన్నె దగ్గర గ్లాసు పగిలితే ముక్కలు ఏరడానికి ప్రయత్నించకండి. ఆ ఐసంతా పారబోసి, గిన్నెను కడిగి తుడిచిన తరువాతే కొత్త ఐసు నింపండి.