మడమ వెనక తాడు వయసెంత?

అరవై నిండి రిటైరయ్యాక హైదరాబాద్ ఫ్లాట్ పిల్లలకి వదిలేసి గోదావరి డెల్టాలో ఉన్న మా ఊరు వచ్చేశాను. వచ్చిన మూడోరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం (పల్లెటూరే, కానీ పాలు ప్యాకెట్లలోనే వస్తున్నాయి, ఆ సంగతి ఇంకోసారి) దగ్గర దారి కదా అని కాలవ గట్టు ఎక్కాను. గట్టంటే కొండేం కాదు, రెండు నిలువుల ఎత్తు కూడా ఉండదు. పైకి చేరేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అక్కడున్న తూము గోడ పట్టుకుని, కాలవలో నీళ్లు చూస్తున్నట్టు నటిస్తూ రెండు నిమిషాలు నిలబడిపోయాను. ముప్పై అయిదేళ్లు కుర్చీ, కారు, లిఫ్టు, మళ్లీ కుర్చీ. చిన్నప్పుడు ఇదే గట్టు మీద పాత సైకిల్ టైరుని కర్రతో దొర్లించుకుంటూ లాకుల దాకా పరిగెత్తేవాళ్లం.

"వయసు మీద పడింది కదండీ, మామూలే" అన్నారు ఇంటి పక్కాయన. నేనూ అదే అనుకున్నాను. అది సగమే నిజమని తెలిసింది డల్లాస్ కథ చదివాక.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో అయిదుగురు ఇరవయ్యేళ్ల కుర్రాళ్లని మూడు వారాలపాటు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టారు. అప్పట్లో గుండెపోటు వచ్చినవాళ్లకి వారాల తరబడి మంచమే మందు, కాబట్టి ఆ మంచం ఒంటికి ఏం చేస్తుందో చూద్దామని. మనిషి పూర్తిగా శ్రమపడినప్పుడు ఒళ్లు నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో కొలిచే పద్ధతి ఒకటుంది, బండికి ఇంజన్ కెపాసిటీ ఎలాగో మనిషికి అది అలాగ. మూడు వారాల్లో ఆ కెపాసిటీ సుమారు 27 శాతం పడిపోయింది. అసలు విశేషం ఆ తర్వాత ఉంది. ముప్పయ్యేళ్లు గడిచాక, యాభై ఏళ్ల వయసులో, అదే అయిదుగుర్ని మళ్లీ పిలిచి కొలిచారు. సగటున ఒక్కొక్కరు 20 కిలోల పైన బరువు పెరిగారు, ఒంట్లో కొవ్వు శాతం రెట్టింపైంది. అయినా ఇరవైలో ఉన్న కెపాసిటీలో తగ్గింది సుమారు 12 శాతమే! అంటే ముప్పయ్యేళ్ల వయసు చేసిన నష్టానికి రెండింతలు పైన మూడు వారాల మంచం చేసిందన్నమాట.

అక్కడితో ఆపకుండా వాళ్ల చేత ఆరు నెలలు నడిపించి, మెల్లగా పరిగెత్తించి, సైకిల్ తొక్కించారు. కొద్దికొద్దిగా పెంచుతూ చివరికి వారానికి నాలుగున్నర గంటల దాకా. ఆరో నెల చివర కొలిస్తే కెపాసిటీ ఇరవయ్యేళ్లప్పటి అంకెకి వచ్చేసింది. బరువు మాత్రం పెద్దగా తగ్గలేదు, నాలుగైదు కిలోలంతే. అయిదుగురితో చేసిన ప్రయోగం కాబట్టి దీన్ని పట్టుకుని ఎగిరిపడక్కర్లేదు, పైగా వాళ్ల గుండె కుర్రగుండె అయిపోలేదు. వయసుతోపాటు గుండె కొట్టుకోగలిగే గరిష్ఠ వేగం తగ్గుతుంది, ఎంత నడిచినా అది తిరిగి రాదు. మారింది కండరాలు. వచ్చిన రక్తంలోంచి ఆక్సిజన్‌ని ఇంకాస్త గట్టిగా పిండుకోవడం నేర్చుకున్నాయవి. నాకు ఇదే నచ్చింది. పంపు పాతదే, కానీ చివరి పొలంలో నీళ్లు వృథా పోకుండా చూసుకునే రైతు దొరికాడు.

సరే, మర్నాటినుంచి నడక మొదలుపెట్టాను. మా ఊరి కాలవలో పారేది ధవళేశ్వరం నీళ్లు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలవలు పొలాలకి నీళ్లివ్వడమే కాదు, పడవలకి దారి కూడా అయ్యాయి. గాలి లేనప్పుడు పడవకి తాడు కట్టి మనుషులు గట్టు మీద నడుస్తూ లాగేవారు. కాబట్టి ఈ గట్టుకి నడక కొత్తేం కాదు, కొత్త నాకే. ఇప్పుడు గట్టు మీద నడిచేవాడంటే బండి చెడిపోయినవాడని లెక్క. "ఏవండీ, బండి ఆగిపోయిందాండీ? ఎక్కండి, దింపేస్తాను" అని రోజుకి నలుగురైనా ఆపేవారు. వద్దంటే బాధపడేవారు. మొదట్లో ఇద్దరి బండి ఎక్కాను కూడా, మొహమాటానికి.

విచిత్రం ఏంటంటే, పది రోజుల్లోనే ఆయాసం బాగా తగ్గింది. అంత త్వరగా కండ పెరగదు, గుండె మారదు. మరేంటి? రక్తం. క్రమంగా శ్రమ మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని నీటి భాగం, ప్లాస్మా, పెరుగుతుంది. మొత్తం రక్తం ఎక్కువైతే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది, అదే పనికి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. తర్వాత వారాల్లో కండరాల్లో మైటోకాండ్రియా, అంటే ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే చిన్న చిన్న పొయ్యిలు, పెరుగుతాయి, సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. కండ బలం నెలల మీద వస్తుంది. అంటే ఒంట్లో ఒక్కో భాగం ఒక్కో గడియారం ప్రకారం వెనక్కి వస్తుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలిసుంటే ఆరో వారంలో ఆ తెలివితక్కువ పని చేసేవాణ్ణి కాదు.

జపాన్‌లో మత్సుమోటో అనే ఊళ్లో షిన్షు యూనివర్సిటీవాళ్లు నడివయసు దాటినవాళ్లతో ఒక పద్ధతి ప్రయత్నించారు. మూడు నిమిషాలు బాగా వేగంగా, మూడు నిమిషాలు మామూలుగా, అలా అయిదుసార్లు, వారానికి నాలుగు రోజులు. 2007లో అచ్చయిన వాళ్ల లెక్కల ప్రకారం అయిదు నెలల్లో తొడ ముందు కండరాల బలం 13 శాతం, వెనక కండరాల బలం 17 శాతం పెరిగాయి, బీపీ కూడా తగ్గింది. ఒకే మోస్తరు వేగంతో ఎక్కువసేపు నడిచినవాళ్లకి ఇందులో చాలా భాగం రాలేదు. మా గట్టు మీద గడియారం చూసే పని లేదు, కరెంటు స్తంభాలున్నాయి. నాలుగు స్తంభాలు వేగంగా, నాలుగు నెమ్మదిగా. వేగంగా అంటే మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అంతకంటే పరికరం అక్కర్లేదు. బాగా కుదిరింది. ఊపిరి ఆడుతోంది కదా అని ఒక ఆదివారం లాకులు దాటి పక్కూరి సంత దాకా, రానూపోనూ పన్నెండు కిలోమీటర్లు, సగం దూరం వేగంగా నడిచేశాను.

మర్నాడు పొద్దున మంచం దిగి కాలు కింద పెడితే మడమ వెనక చురుక్కుమంది. పిక్కని మడమ ఎముకకి కట్టే లావుపాటి తాడులాంటి స్నాయువు, అకిలీస్ టెండన్ అంటారు, అది రెండువేళ్లతో పట్టుకుంటేనే నొప్పి. ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, ఎముక బాగుంది, వయసైపోయింది, నడక మానేయండి అన్నారు. మళ్లీ వయసు.

ఈ స్నాయువు గురించి ఒక విడ్డూరం చెప్తాను. 1955 నుంచి 1963 దాకా అగ్రరాజ్యాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చి పరీక్షించుకున్నాయి కదా, దానివల్ల గాలిలో కార్బన్-14 అనే రకం కార్బన్ దాదాపు రెట్టింపై, ఆ తర్వాత ఏటేటా తగ్గుతూ వచ్చింది. అది చెట్లలోకి, తిండిలోకి, మనలోకి వచ్చింది. కాబట్టి ఒంట్లో ఏ ముక్కలో ఎంత కార్బన్-14 ఉందో చూస్తే ఆ ముక్క ఏ సంవత్సరంలో తయారైందో చెప్పొచ్చు. 2013లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఇలా మనుషుల అకిలీస్ టెండన్ మధ్యభాగాన్ని పరీక్షించారు. తేలిందేంటంటే, అది సుమారు పదిహేడేళ్ల లోపే తయారైపోతుంది, ఆ తర్వాత దాదాపుగా మారదు. పక్కనే ఉన్న కండ మాత్రం ఎప్పటికప్పుడు పాతది పోయి కొత్తది వస్తూ ఉంటుంది. అంటే నేను అరవయ్యో ఏట సంతకి నడిచింది సైకిల్ టైరు దొర్లించిన రోజుల్లో పేనిన తాడు మీద! దానికి కొత్త పీచు రాదు. బరువు అలవాటైతే నెలల మీద మెల్లగా బిగుస్తుంది, గట్టిపడుతుంది. రక్తానికి పది రోజులు చాలు, దీనికి మూడు నెలలు కనీసం. నా ఊపిరి ముందుకెళ్లిపోయింది, మడమ వెనకే ఉండిపోయింది.

మరి నడక మానడమే మందా? స్వీడన్‌లో హోకన్ అల్‌ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకి ఇదే నొప్పి వచ్చిందట. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదు. అయితే తాడు తెగిపోయేలా చేసుకుంటే తప్పక చేస్తారులే అని మెట్టు అంచు మీద మునివేళ్ల మీద నిలబడి, మడమని కిందకి దించుతూ బరువులు మోపుతూ పోయాడు. తెగడం మాట అటుంచి నొప్పి పోయింది. తర్వాత 1998లో పదిహేనుమంది పరుగువాళ్ల చేత పన్నెండు వారాలు అదే చేయించి, అందరూ మళ్లీ పరుగెత్తారని ప్రచురించాడు. నేను ఒక ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర నేర్చుకుని మా అరుగు మెట్టు మీద చేశాను, పూటకి పదిహేనేసి చొప్పున మూడుసార్లు. మొదటి నెల నొప్పి తగ్గలేదు, తిట్టుకున్నాను. మూడో నెలకి మర్చిపోయాను. మధ్యలో నడక ఆపలేదు, దూరం సగానికి తగ్గించానంతే. (మడమ దగ్గర టప్ మని తెగినట్టు అనిపించినా, నడుస్తుంటే ఛాతీ పట్టేసినా ఈ కబుర్లు పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.)

నొప్పి తగ్గాక గట్టు దిగి పుంతలోకి మారాను. పొలాలమధ్య ఎడ్లబండ్లు పోయే దారి, ఇప్పుడు ట్రాక్టర్లు పోయే దారి. చక్రాల గాడులు, మధ్యలో గడ్డి మిట్ట, అక్కడక్కడా ఎండి గట్టిపడిన గేదె గిట్టల గుంటలు. పార్కులో టైల్స్ మీద తిరగడానికీ దీనికీ తేడా ఎంతుంటుందో అనుకునేవాణ్ణి. అమెరికాలో నడక యంత్రం బెల్టు మీద రెండున్నర సెంటీమీటర్ల లోపు ఎత్తు చెక్కముక్కలు అతికించి మనుషుల్ని నడిపిస్తే, చదునుగా ఉన్నప్పటికంటే 28 శాతం ఎక్కువ శక్తి ఖర్చయిందని 2013లో లెక్క తేల్చారు. ఒక అంగుళం మిట్టపల్లాలకే! అడుగు అడుగుకీ పాదం కొత్త కోణంలో పడుతుంది, చీలమండ సర్దుకుంటుంది, మోకాలూ తుంటీ ఎక్కువ పని చేస్తాయి. తూలకుండా నిలబడే నేర్పు వయసుతో తగ్గుతుంది కదా, దానికి ఇది రోజూ పాఠం. ఇంకో అధ్యయనంలో అరవై దాటిన 108 మందిలో కొందర్ని గులకరాళ్లలాంటి చాప మీద, కొందర్ని మామూలుగా పదహారు వారాలు నడిపిస్తే, రాళ్లమీదవాళ్లకి తూలడం ఎక్కువ తగ్గింది, బీపీ కూడా. అలాగని చెప్పుల్లేకుండా పుంతలోకి దిగకండి, ముఖ్యంగా షుగరున్నవాళ్లు. తుమ్మ ముల్లు గుచ్చుకున్న సంగతి సాయంత్రం దాకా తెలియని పాదాలుంటాయి. చేతిలో కర్ర కూడా ఉండాలి, కుక్కల కోసం సగం, రక్తపింజర కోసం సగం.

మా అబ్బాయి ఫోన్ చేసినప్పుడల్లా "నాన్నా, పదివేలు అయ్యాయా?" అంటాడు, వాడు కొనిచ్చిన వాచీ లెక్కపెడుతుంది. ఈ పదివేల అడుగులు ఏ డాక్టరూ తేల్చిన లెక్క కాదు. టోక్యో ఒలింపిక్స్ మరుసటేడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మింది, అదే ప్రపంచమంతా పాకింది. సగటున 72 ఏళ్లున్న 16,741 మంది ఆడవాళ్ల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో రోజుకి 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో ఆ నాలుగైదేళ్లలో మరణాలు 41 శాతం తక్కువ, 7,500 దాటాక పెద్దగా తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారన్న అనుమానం ఇందులో ఎప్పుడూ ఉంటుంది, అయినా మావాడికి ఈ కాగితం పంపాను. వాడు బొటనవేలు గుర్తు పెట్టి, మర్నాడు మళ్లీ పదివేలు అయ్యాయా అన్నాడు.

ఏడాది తిరిగాక తిరుమల వెళ్లాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు, మోకాళ్ల మెట్టుతో సహా, ఆగుతూ ఆగుతూ ఎక్కేశాను. గర్వం తలకెక్కి, అందరూ బస్సులో దిగుతుంటే నేను నడిచే దిగాను. దిగేటప్పుడు ఆయాసమే లేదు. మూడు రోజులు మాత్రం కుర్చీలో కూర్చోవడమంటే పక్కనున్నవాళ్ల భుజం పట్టుకుని కిందకి జారడమే. ఎక్కేటప్పుడు తొడ కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బ్రేకు వేస్తుంది, ఆక్సిజన్ తక్కువే అడుగుతుంది గానీ పీచుపీచుకీ పడే లాగుడు ఎక్కువ. అందుకే నొప్పి ఆ రోజు రాదు, ఒకటి రెండు రోజులకి వస్తుంది. డెల్టా మనిషికి దిగడం అనే పనే లేదు మరి, మా నేల పళ్లెంలా ఉంటుంది. ఆస్ట్రియాలో కొండ దగ్గర కొందర్ని రెండు నెలలు నడిచి ఎక్కించి రోప్‌వేలో దింపారు, ఇంకో రెండు నెలలు రోప్‌వేలో ఎక్కించి నడిపించి దింపారు. ఎక్కితే రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు తగ్గింది, చక్కెరని తట్టుకునే శక్తి దిగినప్పుడే మెరుగుపడింది. ఇంకో మంచి సంగతి, ఒక్కసారి ఇలా నొప్పెట్టిన కండరం కొన్ని వారాలపాటు అంతే పనికి అంత నొప్పెట్టదు.

ఆ అలవాటు పోకూడదని ఇప్పుడు తూము దగ్గర గట్టు ఎక్కడం, దిగడం, పదిసార్లు చేస్తున్నాను. దిగేటప్పుడు ఇంకా మెల్లగా, తల వంచి, అడుగులో అడుగేస్తూ. మొన్న ఒక కుర్రాడు బండి ఆపి, "ఏవన్నా పడిపోయిందాండీ, ఇందాకట్నుంచి వెతుకుతున్నారు?" అన్నాడు. ఏం లేదు బాబూ, ఊరికే ఎక్కి దిగుతున్నానంతే అన్నాను. నమ్మినట్టు లేడు. స్టాండు వేసి, కిందకి దిగి, గడ్డిలో తనూ ఓసారి చూసి వెళ్లాడు.