బైపాస్ తర్వాత నిద్ర: ముందు మంచం సంగతి చూడండి

చెన్నైలోనో నెల్లూరులోనో బైపాస్ చేయించుకుని ఇంటికొచ్చాక నిద్ర పట్టకపోతే, ఇంట్లోవాళ్లు మొదట అడిగేది నిద్రమాత్ర గురించే. అంతకంటే ముందు చూడాల్సింది మంచం.

నవారు మంచం నడుమ కుంగుతుంది. లేవాలంటే రెండు చేతులూ పట్టెల మీద ఊనాలి. ఆపరేషన్లో రొమ్ము ఎముకను నిలువునా కోసి, స్టీలు తీగలతో బిగిస్తారు. అది అతుక్కోవడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. చేతుల మీద భారం వేసినప్పుడల్లా ఆ అతుకు లాగుతుంది, నొప్పికి మెలకువ వస్తుంది. చాప మీద పడకైతే మరీ కష్టం. మోకాలి ఎత్తు చెక్కమంచం, గట్టి పరుపు ఉండాలి. తల కింద దిండ్లు పేరిస్తే మెడ ఒక్కటే వంగుతుంది. నడుము దగ్గర్నుంచే 30-45 డిగ్రీల వాలు రావాలి. కిందికి జారకుండా మోకాళ్ల కింద ఒక దిండు.

లేచేటప్పుడు మోకాళ్లు మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి కదిలేలా ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించాలి. ఆ కాళ్ల బరువే ఒంటిని పైకి తెస్తుంది. పక్కనున్నవాళ్లు వీపుకు ఆసరా ఇస్తే చాలు. చేతులు పట్టుకుని లాగడం, చంకల్లో చేతులేసి ఎత్తడం వద్దు. దగ్గొస్తే చిన్న దిండును ఛాతీకి అదుముకోవాలి.

తర్వాత మాత్రల వేళ. లాసిక్స్ లాంటి నీరు తీసే మాత్ర రాత్రి ఎనిమిదికి వేస్తే తెల్లవార్లూ బాత్రూమ్ చుట్టూ తిరగడమే. రెండో డోసు సాయంత్రం నాలుగులోపు వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. నొప్పి మాత్రను భయపడి మానేసేవాళ్లు ఉంటారు. డాక్టర్ రాసిన దాన్ని పడుకోవడానికి అరగంటో గంటో ముందు వేసుకోవాలి. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ మాత్ర కొందరికి పీడకలలు తెప్పిస్తుంది. ఆ మాట డాక్టర్‌కి చెప్పాలేగానీ, సొంతంగా ఆపితే గుండెకే ముప్పు.

ఐసీయూలో రాత్రీ పగలూ ఒకటే వెలుతురు. ఒంటికి మళ్లీ పగలేదో తెలియాలంటే పొద్దున అరగంట వెలుతుర్లో కూర్చోవాలి, రోహిణి కార్తె ఎండలైతే ఏడున్నరలోపే. మధ్యాహ్నం కునుకు అరగంట దాటకూడదు. పరామర్శకు వచ్చినవాళ్లతోపాటు రోగికీ సాయంత్రం టీ కప్పు అందించడం మన అలవాటు. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది.

నిద్రమాత్ర సొంతంగా కొనకండి. పెద్దవయసు వాళ్లకు దానితో మతి తడబడుతుంది, రాత్రి లేచి పడిపోతారు. గురక పెడుతూ ఊపిరి ఆగే వాళ్లకైతే ఇంకా ప్రమాదం.

వెల్లకిలా పడుకుంటే ఆయాసం, రెండు మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరగడం, కదిలితే రొమ్ములో టిక్కుమని చప్పుడు, గాయం నుంచి చీము. వీటిలో ఏది కనిపించినా అది నిద్ర సమస్య కాదు. చెకప్ తేదీ కోసం ఆగకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఫోన్ చేయాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే 108కి.