తల్లి సంగతేంది?

కావలి దగ్గర మా పిన్ని వాళ్లింట్లో జరిగిన సంగతి. చెల్లెలు పురిటికి పుట్టింటికి వచ్చింది. కాన్పయిన పద్నాలుగో రోజున ఆశా కార్యకర్త వచ్చి, సంచిలోంచి తూకం తీసి, బిడ్డను జోలెలో పెట్టి కొక్కేనికి తగిలించి పైకెత్తింది. రెండు కిలోల తొమ్మిది వందలు. రాసుకుంది. చంకలో థర్మామీటర్ పెట్టింది, రాసుకుంది. బొడ్డు చూసింది, రాసుకుంది. లేచి చెప్పులేసుకుంటూ మంచం వైపు తిరిగి, "నువ్వెట్టుండావు పాపా?" అంది.

చెల్లెలు నోరు తెరిచేలోపే వంటింట్లోంచి పిన్ని జవాబు వచ్చేసింది. "దానికేంది, మంచం దిగనీకుండా మేపతా ఉండాం. మహారాణి!"

అందరూ నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది. ఆశా అక్క వెళ్లిపోయింది.

పిన్ని చెప్పింది అబద్ధం కాదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, వెల్లుల్లి కారం, పాలు పడాలని రెండు రోజులకోసారి సొరచేప పుట్టు, అన్నీ వేళకు అందుతున్నాయి. అడిగిన ప్రశ్న కూడా మంచిదే. కాకపోతే జవాబు చెప్పిన మనిషి వేరు. బాలింతల కుంగుబాటు మీద దాదాపు నలభై ఏళ్లుగా వచ్చిన పరిశోధనలు తర్వాత తీరిగ్గా చదువుతుంటే, అవన్నీ ఆ రెండు నిమిషాల చుట్టూ తిరుగుతున్నట్టే అనిపించింది నాకు. ఏమని అడగాలి, ఎవరు అడగాలి, ఎవరు పక్కన లేనప్పుడు అడగాలి.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. కాన్పయిన రెండు మూడు రోజులకు ఊరికే ఏడుపు రావడం, చిన్న మాటకే కళ్లనీళ్లు తిరగడం సగానికి పైగా తల్లుల్లో కనిపించేదే. దాన్ని బేబీ బ్లూస్ అంటారు. రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది, మందూ మాకూ అక్కర్లేదు. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు కునుకు రాకపోతే అప్పుడు కుంగుబాటేమో చూడాలి. మూడోది వేరే ఉంది. వెయ్యిమందిలో ఒకరిద్దరికి కాన్పయిన కొద్ది రోజుల్లోనే నిద్ర పూర్తిగా పోతుంది, లేని మాటలు వినిపిస్తాయి, మాట పొంతన తప్పుతుంది. పెద్దవాళ్లు దీన్నే బాలింత సన్నిపాతం అన్నారు, గాలి సోకిందనీ అన్నారు. ఇది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే. తల్లిని చేర్చుకుంటే బిడ్డ గతేమిటని భయపడక్కర్లేదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపే ఉంచి వైద్యం చేసే వార్డు 2009 నుంచి ఉంది. మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది.

ఇదంతా హార్మోన్ల మహిమేనా? కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ ఎన్నో రెట్లు పెరుగుతాయి. మాయ బయటపడ్డాక కొద్ది రోజుల్లోనే దబ్బున పడిపోతాయి. పడిపోవడం అందరిలోనూ ఉన్నదే, కుంగుబాటు మాత్రం కొందరికే వస్తుంది. ఈ ముడి విప్పడానికి అమెరికాలో ఒక చిత్రమైన ప్రయోగం చేశారు. 2000లో ఫలితాలు వచ్చాయి. గర్భంతో లేని 16 మంది స్త్రీలను తీసుకున్నారు. వాళ్లలో 8 మందికి గతంలో కాన్పు తర్వాత కుంగుబాటు వచ్చింది, 8 మందికి రాలేదు. అందరికీ మందులతో ఆ రెండు హార్మోన్లను బాగా పెంచి, తర్వాత వాళ్లకు తెలియకుండా ఆపేశారు. అంటే కాన్పు లేకుండానే ఒంట్లో కాన్పు లాంటిది జరిపించారు. గతంలో కుంగుబాటు వచ్చిన 8 మందిలో 5 మందికి మనసు మళ్లీ దిగజారింది, మిగతా 8 మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు. పదహారు మందితో చేసింది చిన్న ప్రయోగమే. అయినా "అందరూ కనలేదా, దీనికే వచ్చిందా" అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు నేను చూడలేదు. హార్మోన్లు అలా పడిపోవడం కొందరి మెదడును కుదిపేస్తుంది, కొందరిని తాకనైనా తాకదు.

ఒంటి సంగతి అది. ఇంటి సంగతి ఇంకోటి ఉంది. వేలూరు అంటే మన నెల్లూరు జిల్లావాళ్లకు పెద్దాసుపత్రి. ఆ వేలూరు చుట్టుపక్కల పల్లెల్లో 359 మంది గర్భిణులతో నెలలు నిండేటప్పుడు ఒకసారి, కాన్పయిన 6 నుంచి 12 వారాల మధ్య ఇంకోసారి మాట్లాడారు. 2002లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 11 శాతం మందికి కాన్పు తర్వాత కొత్తగా కుంగుబాటు వచ్చింది. ఎక్కువగా ఎవరికంటే చేతిలో డబ్బు ఆడని ఇంట్లో వాళ్లకు, మగబిడ్డ కోసం చూస్తే ఆడపిల్ల పుట్టినవాళ్లకు, పనిలో చేయి సాయం లేనివాళ్లకు, అత్తతో పడనివాళ్లకు. ఇంతవరకూ మనం ఊహించేదే. నేను ఆగిపోయింది తర్వాతి మాట దగ్గర. కన్నవాళ్లతో పొసగని వాళ్లకు కూడా. పుట్టింటికి పంపించేస్తే అన్నీ సర్దుకుంటాయని మనకో నమ్మకం. మంచం దిగనివ్వని ఆ ఆచారంలో మంచి లేదనను, చేయి సాయం లేకపోవడం ఎంత చేటో ఆ అధ్యయనమే చెప్పింది. కానీ పుట్టిల్లు అందరికీ ఒకలాంటిది కాదు.

అదే ఏడాది గోవా నుంచి వచ్చిన అధ్యయనంలో కాన్పయిన 6 నుంచి 8 వారాలకు 23 శాతం తల్లుల్లో కుంగుబాటు కనిపించింది. భర్త చేతి దెబ్బలు, పేదరికం, ఆడపిల్ల అక్కడా తేలిన కారణాలే. ఆ తల్లుల్లో 78 శాతం మందికి కడుపుతో ఉన్నప్పటినుంచే మనసు బాగాలేదు. కాన్పు తర్వాత మొదలైందని మనం అనుకునేది చాలామందిలో నెలల ముందే మొదలైంది, ఎవరూ అడగలేదు అంతే. 2017లో దేశంలోని 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లులను కలిపి లెక్క వేస్తే సగటున 22 శాతం తేలింది. అయిదుగురిలో ఒకరికి పైమాటే.

మరి చెప్పరెందుకు? నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ చూసినవాళ్లకు తెలుసు, సంతానం రొట్టెకు ఎంత గిరాకీనో. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి కొంగు పట్టి ఆ రొట్టె అందుకున్న మనిషి, కోరిక తీరి, మరుసటి ఏడు బిడ్డను చంకనేసుకుని రొట్టె వదలడానికి వస్తుంది. ఆమెకు బిడ్డను చూస్తే ఏమీ అనిపించడం లేదనుకోండి. ఆ మాట ఏ నోటితో అంటుంది? ఎవరితో అంటుంది? కుంగుబాటు మీద పడే రెండో బండ ఇదే, నాకు ఉండకూడని దిగులు నాకు ఉందే అన్న అపరాధ భావం.

జాన్ కాక్స్ అనే సైకియాట్రిస్టు 1970లలో ఉగాండా పల్లెల్లో గర్భిణుల మీద పని చేశాడు. బాలింతలకు వచ్చే మనోవ్యాధికి అక్కడివాళ్లకూ సొంత పేరుంది, అమకిరో. మన సన్నిపాతం లాగే. తర్వాత స్కాట్లాండ్‌లో జెనిఫర్ హోల్డెన్, రూత్ సగోవ్‌స్కీలతో కలిసి ఆయన 1987లో ఒక ప్రశ్నపత్రం తయారుచేశాడు. ఎడిన్‌బరో స్కేల్ అంటారు. పదే ప్రశ్నలు. గడిచిన 7 రోజుల్లో ఎలా అనిపించిందన్నదే లెక్క. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3, మొత్తం 30 మార్కులు. ఇందులో ఏం అడిగారన్న దానికంటే ఏం అడగలేదన్నదే తెలివైన సంగతి. మామూలు డిప్రెషన్ ప్రశ్నపత్రాల్లో నీరసం, ఆకలి, ఒంటి బరువు అన్నీ ఉంటాయి. బాలింతను నీరసంగా ఉందా అని అడిగితే లేదనేదెవరు? అందుకని ఒంటి బాధలు తీసేశారు. నిద్ర గురించి ఒక్క ప్రశ్న ఉంచారు. అది కూడా బిడ్డ లేపిన నిద్ర కాదు, మనసు బాగాలేక పట్టని నిద్ర.

ఈ పది ప్రశ్నలు ఎంతవరకు నమ్మొచ్చు? 58 అధ్యయనాల సమాచారంతో 2020లో లెక్క తేల్చారు. 11 లేదా అంతకు మించి మార్కులు వచ్చినవాళ్లను పక్కకు తీస్తే, నిజంగా తీవ్రమైన కుంగుబాటు ఉన్న వందమందిలో 81 మంది దొరుకుతారు, లేని వందమందిలో 88 మంది లేనట్టే తేలతారు. మన ఊరి లెక్కకు తెచ్చి చూద్దాం. ఒక ఆరోగ్య కేంద్రం కింద 100 మంది బాలింతలు, అందులో 20 మందికి కుంగుబాటు ఉందనుకుందాం. స్కేల్ ఆ 20 మందిలో 16 మందిని పట్టుకుంటుంది. బాగున్న 80 మందిలో 10 మందిని కూడా పొరపాటున లాగుతుంది. మొత్తం 26 మంది. వాళ్లతో డాక్టరు కూర్చుని మాట్లాడాలి, రక్తం, థైరాయిడ్ పరీక్షలు చూడాలి. థైరాయిడ్ తేడా వచ్చినా మనిషి ఇలాగే వాడిపోతుంది మరి. అంటే ఇది జల్లెడ, తీర్పు కాదు. జల్లెడకు దొరకని ఆ నలుగురి కోసం ఒక్కసారి అడిగి ఊరుకోకూడదు.

అసలు చిక్కు భాషలో ఉంది. ఇంగ్లీషువాళ్లు తమ జాతీయాలతో రాసుకున్న ప్రశ్నలివి. మొదటిది, జరిగేవాటిలో నవ్వొచ్చే సంగతి కనిపిస్తోందా అని. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేస్తే మన దగ్గర ఎవరికీ ఎక్కదు. "ఎవరన్నా జోకేస్తే మునపట్లా నవ్వొస్తా ఉందా?" అంటే ఎక్కుతుంది. రెండోది, రాబోయేవాటి కోసం సంతోషంగా ఎదురుచూస్తున్నావా అని. ఉదయగిరి మెట్టల్లో వాన కోసం తప్ప దేనికి ఎదురుచూస్తారు? ఆరో ప్రశ్న ఒక్కటి అదృష్టం కొద్దీ కలిసొచ్చింది, పనులు మీద పడటం మనకూ ఉన్న మాటే. పదోది, నీకు నువ్వే ఏమన్నా చేసుకోవాలనిపించిందా అన్నది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నర్సమ్మలే జంకుతారు. అలా పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు అడిగారని మనసు తేలికపడేవాళ్లే ఎక్కువ. ఇంకో సంగతి, ఆ కాగితం తల్లి తనంతట తాను నింపడానికి రాసింది. మన దగ్గర ఎవరో చదివి వినిపించాలి. అప్పుడు పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచే మనిషి ఎవరన్నది పదకొండో ప్రశ్న అవుతుంది.

పట్టుకున్నాక ఏం చేయాలి? స్కేల్ తయారుచేసిన ముగ్గురిలో ఒకరైన హోల్డెనే 1989లో ఒక జవాబు చూపించింది. ఇళ్లకు తిరిగే నర్సులకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, వారానికొకసారి చొప్పున ఎనిమిది సార్లు వెళ్లి, సలహాలివ్వకుండా తల్లి చెప్పింది వినమంది. మూడు నెలల తర్వాత చూస్తే అలా విన్న 26 మందిలో 18 మంది కోలుకున్నారు. మామూలుగా వదిలేసిన 24 మందిలో 9 మందే. సలహా ఇవ్వకుండా వినడం మనవాళ్లకు ఎంత కష్టమో వేరే చెప్పాలా!

2008లో పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో ఇంకా పెద్ద ఎత్తున చేశారు. అతీఫ్ రహమాన్ బృందం ఊళ్లలో తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలకు, అంటే మన ఆశాల లాంటివాళ్లకే, శిక్షణ ఇచ్చింది. 903 మంది తల్లులు. ఆరు నెలల తర్వాత ఈ సాయం అందినవాళ్లలో 23 శాతం మందికే కుంగుబాటు మిగిలింది, అందనివాళ్లలో 53 శాతం మందికి. వాళ్లు ఇంట్లోకి ఎలా అడుగుపెట్టారో చూడండి. మనసు బాగుచేస్తామని చెప్పుకోలేదు. బిడ్డ ఆరోగ్యం కోసం వచ్చామన్నారు. బిడ్డ కోసం అంటే ఏ అత్త కాదంటుంది? నిజానికి బిడ్డల బరువు, ఎత్తుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విరేచనాలు తగ్గాయి, టీకాలు పెరిగాయి, తండ్రులు బిడ్డతో ఆడటం పెరిగింది. గోవాలో ఆ తర్వాత ఇంకో అడుగు ముందుకేసి, ఆరోగ్య కార్యకర్తలు కూడా కాని మామూలు ఊరి ఆడవాళ్లకే ఆ పని నేర్పారు.

మందుల మాట కూడా చెప్పాలి. పాలిచ్చే తల్లి మాత్ర వేసుకుంటే పాలు చెడిపోతాయని మన దగ్గర పెద్ద టెన్షన్. సెర్‌ట్రలిన్ అనే పాత మందు పాలలోకి చాలా కొద్దిగానే వెళుతుంది, అందుకే డాక్టర్లు ఎక్కువగా దాన్నే ఎంచుకుంటారు. అమెరికాలో 2019లో బ్రెక్సనలోన్ వచ్చింది, 60 గంటలు డ్రిప్‌లో ఎక్కించాల్సి వచ్చేది, 2024 చివరితో దాని అమ్మకం ఆపేశారు. 2023లో జురనలోన్ మాత్రలకు అనుమతి వచ్చింది, 14 రోజులు వేసుకుంటే చాలు. రెండూ కాన్పు తర్వాత పడిపోయే ప్రొజెస్టెరాన్ నుంచి తయారయ్యే పదార్థం బాటలో పనిచేసేవే.

మన దగ్గర దారి ఇప్పటికే వేసి ఉంది. రాష్ట్రంలో కాన్పులు నూటికి 96 పైగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు పరీక్షలుంటాయి. కాన్పయ్యాక ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వస్తుంది. స్కాట్లాండ్‌లో ఎనిమిది సార్లు వెళితే, మన దగ్గర ఆరుసార్లు ఎలాగూ వస్తోంది. పశ్చిమ గోదావరి గిరిజన గ్రామాల్లో ఆశాల చేతికి ట్యాబ్‌లిచ్చి పెద్దవాళ్లందరిలో మానసిక సమస్యలు అడిగి చూశారు. సాయం కావాల్సినవాళ్లలో నూటికి ఒక్కరు కూడా వైద్యానికి వెళ్లని చోట పన్నెండు మంది దాకా వెళ్లారు. ఎవరికీ చెప్పుకోలేనివాళ్లకు 14416 ఉంది, మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీమానస్ ఫోన్ నంబరు, తెలుగులోనే మాట్లాడతారు.

మా చెల్లెలి భర్తది కనిగిరి వైపు, హైదరాబాద్‌లో బేల్దారి పని. రోజూ వీడియో కాల్‌లో బిడ్డనే చూపించమంటాడు. 21వ రోజున ఆశా అక్క పిన్నిని ఏదో వంకతో అంగడికి పంపి మంచం మీద కూర్చుంది. ఈసారి జవాబుకు అరగంట పట్టింది. ఆ మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

దానికి మూడు రోజుల ముందు ఒక సాయంత్రం ఆ పది ప్రశ్నలను మన మాటల్లోకి మార్చి, అర్థమవుతున్నాయో లేదోనని పిన్నికి చదివి వినిపించాను. వరండాలో వెల్లుల్లి ఒలుస్తా ఉంది. మొదటి రెంటికీ ఎగతాళి చేసింది. మూడోది, ఏదన్నా తేడా వస్తే అక్కర్లేకపోయినా తప్పంతా నాదేననుకున్నానా అన్నది. దాని మీద ఏమీ అనలేదు. నేను నాలుగు, అయిదు చదువుకుంటూ పోయాను.

"ఇవి ఇప్పటి బాలింతలకేనా," అంది కాసేపటికి, "పాతవాళ్లు చెప్పకూడదా?"

చెప్పొచ్చన్నాను. చేటలో పొట్టు ఒక పక్కకు నెట్టింది.

"ఆ మూడోది మళ్లా చదువు."