డెబ్బై రెండేళ్ల గొంతు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న నేను హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టగానే చిన్నది వాటిని చెవులకు తగిలించుకుంది. నిమిషం కాకముందే తీసేసి, “తాతయ్యా, ఈ గోల ఎలా వింటావు?” అంది. అప్పుడు సరైన జవాబు తోచలేదు. అందుకే ఈ ఉత్తరం. పెద్దాడా, ఇది నువ్వే చదివి చెల్లికి వినిపించు.

ఆ గోల ‘ఇన్‌విన్సిబుల్ షీల్డ్’ అనే ఆల్బమ్. ఓటమి ఎరగని డాలు అని అర్థం. జూడస్ ప్రీస్ట్ అనే హెవీ మెటల్ (గిటార్లు, డ్రమ్ములు హోరెత్తే రాక్ సంగీతం) బ్యాండ్ 2024 మార్చిలో విడుదల చేసింది. ఆ బ్యాండ్ 1969లో ఇంగ్లండ్‌లో, ఇనుప కార్ఖానాలకు పేరుపడ్డ బర్మింగ్‌హామ్ ప్రాంతంలో పుట్టింది. ఇది వాళ్ల 19వ స్టూడియో ఆల్బమ్. పాడిన రాబ్ హాల్ఫర్డ్‌కు అప్పటికి 72 ఏళ్లు.

ఈ వయసులో కూడా పాడుతున్నారే పాపం అని మెచ్చుకునేవాళ్లంటే నాకు కోపం. అది మెచ్చుకోలు కాదు, జాలి. నేను ఈ ఆల్బమ్‌ను వాళ్ల పాత వాటి పక్కన పెట్టి, అదే కొలతతో విన్నాను.

ముందు రెండు గిటార్ల సంగతి చెప్పాలి. ఒక గిటార్ ఒక వరస వాయిస్తుంటే, రెండోది అదే వరసను కొన్ని స్వరాలు పైన పట్టుకుని వెంట నడుస్తుంది. తర్వాత విడిపోయి, ఒకటి అడుగుతుంటే ఇంకొకటి జవాబు చెబుతుంది. ఆల్బమ్ పేరుతోనే ఉన్న ఆరు నిమిషాల పాటలో ఇది బాగా తెలుస్తుంది. తొలిసారి గోలే. ఒక గిటార్ మీదే చెవి పెట్టి మళ్లీ వినండి, దారి కనిపిస్తుంది.

ఆ గిటార్ల వెనక ఉన్న ఇద్దరూ ఎంత కష్టం దాటి వచ్చారో వినండి. గ్లెన్ టిప్టన్ 1974 నుంచి బ్యాండ్‌లో ఉన్నారు. ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు ఉందని 2018లో లోకానికి తెలిసింది. చేతులు వణికి, వేళ్లు మాట వినకుండా చేసే జబ్బు అది. గిటార్ వాయించే మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? అయినా ఈ పాటలు కట్టినవాళ్లలో ఆయన ఉన్నారు. రిచీ ఫాక్నర్‌కు 2021లో అమెరికాలో కచేరీ చేస్తుండగా స్టేజీ మీదే గుండె దగ్గరి పెద్ద రక్తనాళం చిట్లింది. ఆ పాట పూర్తి చేసి మరీ దిగాడు. తర్వాత ఆపరేషన్ పది గంటలకు పైగా పట్టింది.

ఇక నా తీర్పు. మొదటి పాట ‘పానిక్ అటాక్’ మొదలవగానే వాళ్ల 1986 నాటి ‘టర్బో’ ఆల్బమ్ శబ్దం గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. ‘సన్స్ ఆఫ్ థండర్’ మాత్రం నాకు నచ్చలేదు. అలాంటి పాటలు వాళ్లు ఇంతకంటే బాగా ఎన్నో చేశారు. రికార్డింగ్ కూడా మరీ నున్నగా ఉంది. అన్నీ ఒకే ఎత్తులో మోగుతుంటే చెవికి విరామం దొరకదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ‘క్రౌన్ ఆఫ్ హార్న్స్’. అందులో వేగం తక్కువ. 1990లో ‘పెయిన్‌కిల్లర్’ ఆల్బమ్‌లో హాల్ఫర్డ్ గొంతు కత్తిలా పైకి లేచేది. ఈ పాటలో కేకలు పక్కనపెట్టి, మధ్య స్థాయిలో నిలబెట్టి పాడతాడు. గొంతులో కొంచెం గరుకు వినిపిస్తుంది. ఆ గరుకు ముప్ఫై తొమ్మిదేళ్ల హాల్ఫర్డ్ దగ్గర లేదు, ఉన్నా ఈ పాటకు ఇంత బరువు వచ్చేది కాదు. నేను దాన్ని వరసగా మూడుసార్లు విన్నాను, మూడోసారి కళ్లు చెమర్చాయి.

చివరిది ‘జెయింట్స్ ఇన్ ద స్కై’. లోకం విడిచిన రోనీ జేమ్స్ డియో, లెమ్మీ లాంటి తోటి గాయకులను తలుచుకుని పాడింది. స్నేహితులు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, దాని గురించి ఎక్కువ రాయలేను.

చిన్నదానా, ఈసారి ‘క్రౌన్ ఆఫ్ హార్న్స్’తో మొదలుపెట్టు, సౌండ్ సగానికి తగ్గించి. హెడ్‌ఫోన్స్ ఆ బల్ల మీదే ఉంచాను.

మీ
తాతయ్య