డార్క్ మ్యాటర్ కోసం గనుల్లోకి ఎందుకు దిగుతున్నారు?

విశ్వంలో ఉన్న పదార్థంలో దాదాపు 85 శాతం డార్క్ మ్యాటరే, అంటే వెలుతురు ఇవ్వని, కంటికి కనబడని పదార్థం. గెలాక్సీలు తిరిగే తీరు చూస్తే అది ఉండి తీరాలి, కానీ దాని కణం ఒక్కటి కూడా ఇంతవరకూ ఎవరికీ చిక్కలేదు. దాన్ని పట్టుకోవడానికి శాస్త్రవేత్తలు పాత గనుల్లోకి, కొండల కింది సొరంగాల్లోకి దిగుతున్నారు.

ఆలోచన చాలా సింపుల్. గెలాక్సీ నిండా ఈ కణాలుంటే, సూర్యుడితో పాటు సెకనుకు సుమారు 220 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న మనం వాటి మధ్యలోంచే దూసుకుపోతున్నట్టు. దాదాపు అన్నీ దేన్నీ తాకకుండా మనలోంచి వెళ్ళిపోతాయి, ఎప్పుడో ఒకటి ఏదో ఒక అణు కేంద్రకాన్ని గుద్దితే ఆ కేంద్రకం కాస్త కదులుతుంది. ఆ కదలికను పట్టుకోవచ్చని 1985లో గుడ్‌మన్, విట్టెన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు చెప్పారు. భూమ్మీద అయితే అంతరిక్షం నుంచి వచ్చి పడే విశ్వ కిరణాల హోరులో ఇంత చిన్న దెబ్బ తెలియదు, అందుకే మీద కిలోమీటరుకు పైగా రాయి ఉండాలి.

అమెరికాలో సౌత్ డకోటాలోని పాత హోమ్‌స్టేక్ బంగారు గనిలో ఎల్‌జెడ్ అనే ప్రయోగం నడుస్తోంది. అందులో 10 టన్నుల ద్రవ జినాన్ (చల్లబరిచి ద్రవంగా మార్చిన ఒక జడ వాయువు) ఉంది. దెబ్బ తగిలిన చోట వెంటనే ఒక చిన్న మెరుపు వస్తుంది. అక్కడ ఊడిన ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రం పైకి లాగుతుంది, ద్రవం దాటి పైనున్న వాయువులోకి రాగానే అవి రెండో మెరుపునిస్తాయి. రెండు మెరుపుల మధ్య ఎంతసేపు పట్టిందో చూస్తే దెబ్బ ఎంత లోతున తగిలిందో తెలుస్తుంది. మొదటిదానితో పోలిస్తే రెండోది మరీ పెద్దగా ఉంటే అది ఏ గామా కిరణమో ఎలక్ట్రాన్‌ని తన్నిందన్నమాట, పక్కన పెట్టేస్తారు. నాకు ఈ పద్ధతిలో బాగా నచ్చేది ఇదే, వచ్చిన ప్రతి మెరుపూ తానెవరో తనే చెప్పుకుంటుంది. న్యూట్రాన్‌తో మాత్రం టెన్షన్, అదీ కేంద్రకాన్నే గుద్దుతుంది. అదృష్టం కొద్దీ అది చాలాసార్లు ఒకచోట ఆగకుండా రెండు మూడు చోట్ల గుద్దుతుంది కాబట్టి దొరికిపోతుంది.

దొరికిందన్నవాళ్ళూ లేకపోలేదు. ఇటలీలోని గ్రాన్ సాసో కొండ కింద, సోడియం అయొడైడ్ స్ఫటికాలతో పనిచేసిన డామా బృందం, 1990ల చివరి నుంచీ తమ సిగ్నల్ ఏటా జూన్ ప్రాంతంలో పెరిగి డిసెంబరుకు తగ్గుతోందని చెబుతూ వచ్చింది. జూన్‌లో భూమి వేగం సూర్యుడి వేగానికి తోడవుతుంది కాబట్టి కణాల తాకిడి పెరగాల్సిందే, ఆ మాట నిజం. కానీ స్పెయిన్‌లో అనాయిస్, దక్షిణ కొరియాలో కొసైన్-100 అనే ప్రయోగాలు అలాంటి స్ఫటికాలతోనే ఏళ్ళ తరబడి చూసినా ఆ హెచ్చుతగ్గులు కనబడలేదు. డామా చూసింది డార్క్ మ్యాటర్ కాదనే నా నమ్మకం.

ఇప్పుడు అసలు చిక్కు సూర్యుడి నుంచి వచ్చింది. డిటెక్టర్లు ఎంత సున్నితమయ్యాయంటే, సూర్యుడి న్యూట్రినోలు (దాదాపు దేన్నీ తాకకుండా వెళ్ళిపోయే అతి తేలికైన కణాలు) జినాన్ కేంద్రకాలను కదిలిస్తున్న ఆనవాళ్ళు 2024లో చైనాలోని పాండాఎక్స్-4టీ, గ్రాన్ సాసోలోని జినాన్-ఎన్‌టీ అనే ద్రవ జినాన్ ప్రయోగాలకు కనిపించాయి. ఎంత లోతుకు దిగినా న్యూట్రినోలను ఆపలేం, అవి ఇచ్చే దెబ్బ కూడా అచ్చం తేలికపాటి డార్క్ మ్యాటర్ కణం దెబ్బలాగే ఉంటుంది. వీటిని విడదీయాలంటే దిక్కు తెలియాలి. న్యూట్రినోలు సూర్యుడి వైపు నుంచి వస్తాయి, డార్క్ మ్యాటర్ మాత్రం మనం దూసుకుపోతున్న హంస నక్షత్రమండలం వైపు నుంచి ఎదురుగాలిలా రావాలి. అందుకని పలచని వాయువులో కేంద్రకం గీసే అతి చిన్న గీతను చూసే డిటెక్టర్లను తయారుచేస్తున్నారు. పలచని వాయువులో గుద్దుకోవడానికి అణువులే తక్కువ, కాబట్టి వాటిని చాలా పెద్దగా కట్టాల్సి వస్తుంది.