మడ్ క్లయింట్ ఎంచుకునే ముందు: అపోహలు - వాస్తవాలు

మడ్ అంటే ఇంటర్నెట్‌లో చాలామంది కలిసి, ఆజ్ఞలు టైప్ చేస్తూ ఆడే అక్షరాల ఆట. ఆ ఆట సర్వర్‌కు కనెక్ట్ అయ్యి ఆడటానికి చేసిన ప్రోగ్రామే మడ్ క్లయింట్.

అపోహ: ఉత్త అక్షరాల ఆటే కదా, టెల్నెట్ (సర్వర్‌కు కనెక్ట్ అయ్యే పాత, సాదా ప్రోగ్రామ్) ఉంటే చాలు.

కనెక్ట్ అవడానికి చాలు. ఆడటం మొదలెట్టాకే తెలుస్తుంది తిప్పలు. పోరాటం మధ్యలో పారిపోదామని 'ఫ్లీ' అని సగం కొట్టేసరికి సర్వర్ నుంచి నాలుగు లైన్లు వచ్చి పడతాయి. మీ సగం మాట వాటిలో కలిసిపోయి, ఎక్కడిదాకా కొట్టారో కనపడదు. మడ్ క్లయింట్‌లో మనం టైప్ చేసే గడి కింద విడిగా ఉంటుంది. నన్నడిగితే క్లయింట్ పెట్టుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు. పైగా విండోస్‌లో విస్టా నుంచి టెల్నెట్‌ను మనమే ఆన్ చేసుకోవాలి.

అపోహ: మంచి క్లయింట్‌కు డబ్బు పెట్టాలి.

ఒకప్పుడు జీమడ్ అనే క్లయింట్‌ను కొనుక్కునేవారు. ఇప్పుడు మడ్లెట్, మష్‌క్లయింట్, టిన్‌టిన్ ప్లస్ ప్లస్ మూడూ ఉచితమే. టెర్మినల్ (ఆజ్ఞలు టైప్ చేసే విండో) అలవాటున్నవారికి మూడోది. మిగతావారికి మడ్లెట్‌తో మొదలుపెట్టమంటాను.

అపోహ: మడ్లెట్ వేసుకుంటే హెల్త్ బార్, మ్యాప్ వాటంతట అవే వస్తాయి.

సర్వర్ పంపితేనే. జీఎంసీపీ అనే పద్ధతి ఉన్న ఆటలు ప్రాణశక్తి, గది నంబరు లాంటివి తెరమీది పాఠంతో కలపకుండా వేరుగా పంపుతాయి. అది లేని ఆటలో ప్రాంప్ట్ (మీ ఆజ్ఞ కోసం ఆట చూపే లైన్)లోని అంకెలను ట్రిగ్గర్ (ఫలానా పాఠం కనపడగానే క్లయింట్ తనంతట చేయాల్సిన పని)తో ఏరుకోవాలి. అందుకే ముందు ఆట హెల్ప్ ఫైళ్లు చదవండి, క్లయింట్ సంగతి తర్వాత.

అపోహ: ట్రిగ్గర్ పెట్టేస్తే ఇక నిశ్చింత.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 'నాయకుడు: బంగారం ఇవ్వు' అన్న పాఠం కనపడగానే సంచిలోది ఇచ్చేసే ట్రిగ్గర్ రాశారనుకోండి. పక్కనున్న ఆకతాయి తన మాటల్లో అచ్చం అదే పలుకుతాడు. లైన్‌లో ఎక్కడున్నా సరే అన్నట్టు రాసిన ట్రిగ్గర్‌కు నాయకుడెవరో, ఆకతాయి ఎవరో తెలియదు, బంగారం పోతుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ట్రిగ్గర్ వెతకాల్సిన పాఠం నమూనా) ముందు క్యారెట్ గుర్తు (^) పెడితే లైన్ మొదట్లో ఉన్న పాఠాన్నే పట్టుకుంటుంది. అప్పుడు 'ఫలానావాడు అన్నాడు' అని మొదలయ్యే లైన్‌కు స్పందించదు. అయినా డబ్బు, ఆయుధాల జోలికి ట్రిగ్గర్లను పోనివ్వకపోవడమే మేలు. ఇక మీరు కుర్చీలో లేనప్పుడు పాత్ర తనంతట తానే వేటాడటాన్ని చాలా మడ్‌లు నిషేధిస్తాయి. ఆ సాయం క్లయింట్ చేస్తుంది కాబట్టి అనుమతి ఉన్నట్టేనని వాదిస్తే ఏ అడ్మినూ వినడు.

అపోహ: పాస్‌వర్డ్ తెరమీద కనపడలేదు, కాబట్టి భద్రం.

దాచమని సర్వర్ చెప్పింది, క్లయింట్ దాచింది, అంతే. మామూలు టెల్నెట్ కనెక్షన్‌లో అది ఉన్నదున్నట్టే ప్రయాణిస్తుంది. ఆట టీఎల్‌ఎస్ పోర్టు (సమాచారాన్ని గుప్తీకరించి పంపే దారి) ఇస్తే క్లయింట్‌లో అదే పెట్టుకోండి. లేదంటే మెయిల్‌కు వాడే పాస్‌వర్డ్‌ను ఇక్కడ వాడకండి.

అపోహ: తెరనిండా అక్షరాలే, చూపు లేనివారికి కుదరదు.

అక్షరాలు కాబట్టే కుదురుతుంది. స్క్రీన్ రీడర్ (తెరమీది పాఠాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్)తో ఆడేవారు చాలామందే ఉన్నారు. వారిలో మష్‌క్లయింట్ బాగా వాడుకలో ఉంది, పాఠాన్ని రీడర్‌కు అందించే ప్లగిన్ జోడించుకోవాలి. కొన్ని ఆటలకు శబ్దాల ప్యాక్ కూడా దొరుకుతుంది. ఆటలోకి వెళ్లి న్యూబీ ఛానెల్ (కొత్తవాళ్లు సాయం అడిగే చాట్)లో అడగండి.